సెల్లార్‌లో ఊట నీరు ఆగట్లేదా? గోడకు పూత కాదు.. నేలలో దారి కావాలి!

వాన ఆగి రెండు రోజులైనా సెల్లార్‌లో నీళ్లు తగ్గవు. మోటార్ పెట్టి తోడేస్తే సాయంత్రానికి మళ్లీ అదే చెమ్మ, అదే వాసన. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల, అబిడ్స్, నాంపల్లి వైపు పాత కాంప్లెక్సుల్లో షాపులున్న వాళ్లకు ఇది తెలిసిన తిప్పలే. దీనికి చాలామంది చేసే పని ఒకటే.. గోడకు వాటర్‌ప్రూఫ్ పూత వేయించడం. ఆ పూత పెచ్చులుగా ఊడటానికి ఎక్కువ కాలం పట్టదు. తప్పు ప్రతిసారీ పెయింటర్‌ది కాదు.

సిటీ కింద ఉన్నది గ్రానైట్ రాయి. దానిపై మొరం, మట్టి. వాన నీరు మొరంలో ఇంకి, గట్టి రాయి తగలగానే కిందికి పోలేక పక్కలకు పాకుతుంది. సెల్లార్ అంటే ఆ దారిలో తవ్విన పెద్ద గుంతే కదా, నీరు అటే చేరుతుంది. ఫ్లోర్ కన్నా ఒక మీటర్ ఎత్తులో నీరు నిలిస్తే, కింది నుంచి ప్రతి చదరపు మీటర్‌పై దాదాపు టన్ను బరువంత ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి ముందు లొంగేది గోడ, ఫ్లోర్ కలిసే జాయింట్. లోపలి వైపు వేసిన మామూలు పూతనైతే నీరు వెనక నుంచి తోసి ఊడగొడుతుంది.

అయితే పని మొదలుపెట్టే ముందు అది ఏ నీరో తేల్చుకోవాలి. నల్లా వచ్చే రోజు మాత్రమే ఊట పెరుగుతుంటే అనుమానించాల్సింది పైప్‌లైన్‌ని, లేదా పక్కనున్న సంప్‌ని. దుర్వాసనతో ఫ్లోర్ ట్రాప్‌లోంచి పైకి తన్నుతుంటే అది డ్రైనేజీ. ఈ రెండింటికీ ఫ్లోర్ పగలగొట్టక్కర్లేదు. వానలు తగ్గాక కూడా రోజుల తరబడి జాయింట్ వెంట సన్నగా కారుతుంటేనే అది భూమిలోని ఊట.

ఆ ఊటను ఆపడం కష్టం. దారి చూపించడం తేలిక. ఇంటీరియర్ డ్రైనేజ్ అంటే ఇదే. గోడ వెంట అడుగు వెడల్పున ఫ్లోర్ కాంక్రీట్ కోసి, కాలువలా తవ్వుతారు. అందులో జియోటెక్స్‌టైల్ బట్ట పరిచి, 20 ఎంఎం కంకర పోసి, రంధ్రాలున్న పీవీసీ పైపు వేస్తారు. బట్ట లేకపోతే మట్టి చేరి పైపు పూడుకుపోతుంది. వంద అడుగులకు అడుగు చొప్పున వాలు ఇచ్చి, పైపును మూలన ఉన్న సంప్ గుంతలో కలుపుతారు. గోడకు బుడిపెల ప్లాస్టిక్ షీట్ బిగిస్తే, గోడలోంచి వచ్చే నీరు కూడా దాని వెనక నుంచే కాలువలోకి జారుతుంది. చివరికి పైన మళ్లీ కాంక్రీట్.

సంప్‌లో ఫ్లోట్ స్విచ్ ఉన్న సబ్‌మెర్సిబుల్ మోటార్ ఉంటుంది. నీరు పెరగ్గానే దానంతట అదే ఆన్ అవుతుంది. తోడిన నీరు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. గట్టి వాన పడేటప్పుడే కరెంట్ పోతుంది కాబట్టి ఇన్వర్టర్, స్పేర్ మోటార్ లేకుండా ఇంత ఖర్చు పెట్టడం దండగ. ఈ నీటిని మ్యాన్‌హోల్‌లోకి వదలొద్దు. వర్షపు నీటి కాలువలోకే పంపాలి.

పాత బిల్డింగుల్లో అసలు రిస్క్ తవ్వకం దగ్గరే ఉంది. మొజంజాహీ మార్కెట్ కట్టింది 1935లో. ఈ ఏరియాలో అలాంటి రాతి గోడల, సున్నం కట్టుబడి భవనాలు ఇంకా ఉన్నాయి. బరువంతా గోడల మీదే ఉండే ఇలాంటి చోట పునాది అడుగు కంటే లోతుకు తవ్వితే గోడే కుంగొచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా గునపం ఎత్తకూడదు. మోటార్ తోడే నీరు రోజూ బురదగా వస్తున్నా తేలిగ్గా తీసుకోవద్దు, పునాది కింది మట్టి కొట్టుకొస్తోందని అర్థం.

రోడ్డు మీది వరదకు మాత్రం ఈ సిస్టమ్ పనికిరాదు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వచ్చింది ఊట నీరు కాదు, వీధిలోని వరద. ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. ర్యాంప్ దగ్గర ఎత్తైన గట్టు, అడ్డు కాలువ వేరే లెక్క. నీరు చేరిన సెల్లార్‌లో మెయిన్ ఆఫ్ చేయకుండా కాలు పెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం సెల్లార్ ప్రధానంగా పార్కింగ్ కోసమే. సరుకు పెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి, తర్వాత డ్రైనేజ్ వేయించినా రూల్ మారదు.

ఈ పనికి ఏప్రిల్, మే నెలలు అనుకూలం. అప్పుడు భూగర్భ నీటి మట్టం దిగి ఉంటుంది, తవ్విన కాలువలో నీరు నిలవదు. చిక్కల్లా ఏంటంటే, ఎండాకాలంలో గోడ పొడిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కారిందో మేస్త్రీకి చూపించలేరు. అందుకే ఇప్పుడు వానల్లోనే నీరు వచ్చిన చోట్లన్నీ గోడ మీద మార్క్ చేసి, తేదీ వేసి, ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.