మేస్త్రీ బయానా నుండి కన్సల్టెన్సీ రుసుము వరకు

కృష్ణా డెల్టాలో మధ్యవర్తి లేని వ్యవహారము అరుదు. కళ్లములోని ధాన్యమునకు కమీషను ఏజెంటు కలడు. పశువుల సంతలో కొనువాని చేతిని, అమ్మువాని చేతిని తువ్వాలు క్రింద కలిపి వేళ్లతోనే ధర తేల్చు బేరగాడు కలడు. సంబంధములు కుదుర్చుటకు పెండ్లిండ్ల పేరయ్య ఉండనే ఉన్నాడు. వీరెవ్వరిని గూర్చియు ఈ ప్రాంతపు రైతుకు భ్రమలు లేవు. ఎవడు ఎవరి వద్ద ఎంత పుచ్చుకొనునో విచారించిన పిమ్మటనే మాటలు మొదలుపెట్టును. అంత జాగరూకుడైన రైతే, కుమారునికి పట్టా వచ్చిన మరునాడు విజయవాడకు వచ్చి, ఉద్యోగము చూపించెదమన్న కార్యాలయపు మెట్లెక్కి, అడుగవలసిన ఒక్క ప్రశ్న అడుగకయే సొమ్ము చెల్లించి పోవుచున్నాడు. ఈ బేరములో కొనువాడెవడు? అమ్ముడుపోవు సరుకేది?

నియామకపు మధ్యవర్తికి జీతము రెండు దారులలో వచ్చును. ఉద్యోగమిచ్చు సంస్థ ఇచ్చుట ఒకటి, ఉద్యోగము కోరువాడు ఇచ్చుట రెండవది. సంస్థ ఇచ్చినచో మధ్యవర్తి సంస్థ మనిషి. అభ్యర్థితో ఎంత మధురముగా మాటలాడినను అతడు వెదకుచున్నది సంస్థకు కావలసిన మనిషిని గాని, మనిషికి కావలసిన కొలువును గాదు. అయినను ఆ పద్ధతిలో ఒక నియమమున్నది. మనిషి కొలువులో చేరి నిలిచిననే అతనికి సొమ్ము ముట్టును. అభ్యర్థియే ఇచ్చినచో ఆ నియమము పోవును. ఉద్యోగము వచ్చినను రాకున్నను పెట్టె నిండును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒడంబడిక, ప్రైవేటు నియామక సంస్థలు కార్మికుని వద్ద ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని రుసుము తీసికొనరాదని చెప్పుటకు కారణమిదియే.

ఈ సంగతి తెలుగువారు ఒడంబడికలు చదివి తెలిసికొనవలసినది కాదు. వారి తాతలు బర్మాలో అనుభవించినదే. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవు 1839 నాటి తుపానులో దెబ్బతిన్నది. కాని ఆ రేవు పేరు మాత్రము మిగిలి, రంగూనులో తెలుగువారినందరిని కోరంగీలని పిలుచుట వాడుకయైనది. విశాఖపట్నము, గోదావరి, గంజాం జిల్లాల నుండి విశేషముగా కూలీలు ఓడలెక్కినారు. వారిని తీసికొని పోయినవాడు మేస్త్రీ. అతడు పరాయివాడు కాడు, పక్క వీధివాడే. కరవు నెలలో ఇంటికి వచ్చి బయానా ఇచ్చెడివాడు, ఓడ కూలి తానే కట్టెడివాడు. ప్రోనోటుపై వ్రేలిముద్ర పడెడిది. రంగూను చేరిన తరువాత బియ్యపు మిల్లులోనో రేవులోనో పని. ఆ కూలి డబ్బు మాత్రము కూలీ చేతికి నేరుగా రాదు. యజమాని మేస్త్రీకిచ్చును, మేస్త్రీ తన బాకీ, తన వాటా పట్టుకొని మిగిలినది కూలీకిచ్చును. బాకీ తీరునంతవరకు మేస్త్రీని విడిచి పోవుటకు వీలులేదు. బాకీ ఎప్పుడు తీరునో చెప్పు లెక్క పుస్తకము మేస్త్రీ దగ్గరనే యుండును.

ఇందులో విచిత్రమైన విషయమొకటి కలదు. సముద్రము దాటు కూలీలను కాపాడుటకు 1922లో వలస చట్టము వచ్చినది. కాని 1937 వరకు బర్మా ఇండియాలోని ఒక రాష్ట్రమే. కనుక రంగూనుకు పోవుట చట్టము దృష్టిలో విదేశమునకు పోవుట కాదు. సింహళమునకు, మలయాకు పోయిన కూలీకి కాగితముపైనైనను ఉన్న రక్షణ బర్మా కోరంగీకి లేకపోయినది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినారు. వారి స్థానమున బర్మీయులను పెట్టినారు. సమ్మె ముగిసి బర్మీయులను పంపివేయగా కొట్లాటలు చెలరేగి నూరుమందికి పైగా మరణించినారు. 1931లో విట్లీ అధ్యక్షతన వెలువడిన రాయల్ లేబర్ కమీషను నివేదిక, సర్దారులు, మేస్త్రీలు మొదలైన వారి చేతిలో నియామకపు అధికారముండుటను తీవ్రముగా విమర్శించినది. ఉద్యోగమిచ్చుటకును, ఉంచుటకును కూలీ నుండి లంచము పట్టుట వారి సామాన్యాచారమని ఆ నివేదిక చెప్పుచున్నది.

ప్రభుత్వమే మధ్యవర్తి కావలెనన్న ఆలోచన తరువాత వచ్చినది. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల కొరకు 1945లో ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు వెలసినవి. ఒక తరమంతయు ఆ కార్డును భద్రముగా పెట్టెలో దాచి, గడువు తప్పక పునరుద్ధరించుకొని, పిలుపు కొరకు ఎదురు చూచినది. ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలుపవలెనని 1959 నాటి చట్టము సంస్థలను నిర్బంధించినది గాని, అక్కడినుండియే తీసికొనవలెనని నిర్బంధింపలేదు. కార్డు విలువ ఆ సందులోనే జారిపోయినది.

ఇక డెల్టా సంగతి. 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీటితో పండిన వరి ఇక్కడి కుటుంబములకు మిగులు చూపినది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది. ఆ మిగులులో కొంత సినిమాలకు, కొంత రవాణాకు పోగా, పెద్ద భాగము పిల్లల చదువులకు పోయినది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడినది. నాటి సమైక్య రాష్ట్రములో అది మొదటి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల. పిమ్మట అట్టివి వరుసగా లేచినవి. పట్టభద్రులు పెరిగినంత వేగముగా కొలువులు పెరుగలేదు. అమెరికాలో 1990 నాటి చట్టముతో హెచ్-1బి వీసా ఏర్పడి, 2001 నుండి 2003 వరకు ఏటా 1,95,000 వీసాల పరిమితికి చేరుసరికి, ఈ ఇరువురిని కలుపు క్రొత్త మేస్త్రీ పుట్టినాడు. అతని పేరు కన్సల్టెన్సీ.

ఈ వ్యాపారమును నిశితముగా పరిశీలించినవాడు చైనాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు షియాంగ్ బియావ్. ఆయన హైదరాబాదులోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను తెలుగు సాఫ్టువేరు ఉద్యోగుల నడుమ తిరిగి వ్రాసిన గ్రంథము 2007లో వెలువడినది. వీసా దరఖాస్తు పెట్టువాడు కన్సల్టెన్సీ యజమాని. పని చేయించుకొనువాడు మరియొక సంస్థ. నడుమ ఇద్దరు ముగ్గురు దళారులు. గంటకు ఇంత అని సంస్థ ఇచ్చు సొమ్ము ఈ మెట్లన్నియు దిగి వచ్చుసరికి ఉద్యోగికి చేరునది ఎంతో అతనికే తెలియదు. పని దొరకని నెలలలో అతడు బెంచీపై కూర్చుండవలెను. కోస్తా ఆంధ్రములోని భూమి మిగులు, కట్నపు సొమ్ము ఈ వ్యాపారమునకు మూలధనమైన తీరును కూడ ఆయన చూపినాడు. కట్నము తెచ్చి శిక్షణకు కట్టుట, శిక్షణ చూపి మరింత కట్నమడుగుట అను చక్రము మన ఇండ్లలో ఎరుగనిదా?

బెంచీ కాలమునకు జీతమివ్వక తప్పించుకొనరాదని అమెరికాలో 1998లోనే చట్టము చేసినారు. పని చూపలేకపోవుట యజమాని లోపమైనచో ఆ కాలమునకును జీతము చెల్లించి తీరవలెను. అయినను వీసా యజమాని పేరున ఉన్నవాడు యజమానిపై ఫిర్యాదు చేయుటకు వెనుదీయును. రంగూనులో లెక్క పుస్తకము చేసిన పనిని ఇక్కడ వీసా కాగితము చేయుచున్నది.

ఇంతమాత్రమున కన్సల్టెన్సీలన్నియు మోసమనుట న్యాయము కాదు. పెద్ద సంస్థల వారు నియామకములకు పట్టణపు పెద్ద కళాశాలలకే వచ్చెడివారు. దివిసీమలోనో, కైకలూరు ప్రక్కనో పుట్టి చిన్న కళాశాలలో చదివిన వానికి తలుపు తెరచినది ఈ మధ్యవర్తియే. బర్మా మేస్త్రీ సైతము కరవులో ఇంట పొయ్యి వెలిగించినవాడే. అందుచేతనే అతనిని తిట్టుట సులభము, వదలుకొనుట కష్టము.

చదువు పేరిట వచ్చు మధ్యవర్తులది వేరొక కథ. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో ఒక సంస్థ 2015 నుండి నడచినది. అందు తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. వీసా మోసములను పట్టుకొనుటకు అమెరికా ప్రభుత్వాధికారులే నెలకొల్పిన బూటకమది. 2019 జనవరిలో ఆ వల లాగినప్పుడు మొదట 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధములో పడినారు, వారిలో అత్యధికులు తెలుగువారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిదిమంది మధ్యవర్తులపై కేసులు పెట్టినారు, వారును తెలుగువారే. తల ఒక్కింటికి ఇంత అను లెక్కన వారందరికి కలిపి రెండున్నర లక్షల డాలర్లకు పైగా ముట్టినదని అభియోగము. తరగతులు లేవని విద్యార్థులెరుగరా అని అడుగవచ్చును. ఎరుగుదురు. కాని చేర్పించినవాడు తమ ఊరివాడు, తమ భాషవాడు, తమకంటె రెండేండ్లు ముందు వచ్చినవాడు. ఆ చనువే సందేహమును నోరెత్తనీయలేదు.

గల్ఫు దేశములకు పోవువారి విషయమున 1983 నాటి వలస చట్టము స్పష్టముగా ఉన్నది. నమోదైన ఏజెంటు మాత్రమే మనుషులను పంపవలెను. 2017లో సవరించిన నిబంధనలు రుసుమును 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితము చేసినవి. ఊరూర తిరుగు ఉప ఏజెంటును చట్టము గుర్తింపదు. కాని పల్లెలో కనుపించునది అతడొక్కడే. పరిమితి ఎంతయున్నను ఆశకు పరిమితి లేదనుటకు 2015లో కొచ్చిలో బయటపడిన వ్యవహారము సాక్ష్యము. కువైట్ పోవు నర్సుల వద్ద 19,500 రూపాయలు తీసికొనవలసినచోట 19 లక్షలకు పైగా తీసికొన్నారన్న అభియోగముపై సి.బి.ఐ. కేసు పెట్టినది. ఆ సంవత్సరముననే నర్సుల నియామకమును ప్రభుత్వ సంస్థలకే అప్పగించుచు కేంద్రము ఉత్తర్వులిచ్చినది. 2024లో, డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసములు చేయించుచున్న తీరును విశాఖపట్నము పోలీసులు వెలికి తీసినారు. ఇంటర్నెట్టు యుగములోను ఆ యువకులు మొదట కలిసినది తమ ప్రాంతపు ఏజెంటునే.

అయినచో విద్యార్థి మధ్యవర్తి వద్దకు పోవలెనా, మానవలెనా? దేశములోని ప్రైవేటు సంస్థల విషయము కొంత తేలిక. సంస్థలు మధ్యవర్తికి సాధారణముగా అభ్యర్థి వార్షిక జీతములో ఇంత శాతమని చెల్లించును. ఆ సొమ్ము అయిదారేండ్ల అనుభవము కలవానికొరకు చెల్లించును గాని, అప్పుడే పట్టా పుచ్చుకొన్నవానికొరకు చెల్లించుట అరుదు. అట్టివారు వేలసంఖ్యలో తమంత తామే వచ్చి తలుపు తట్టుదురు. కనుక కొంత అనుభవము గలవానికి మంచి మధ్యవర్తి నిజముగా ఉపకారి. ప్రకటనలకెక్కని ఖాళీలను చెప్పును, జీతము మాటలాడుటలో తోడ్పడును. క్రొత్త పట్టభద్రునికి ఉద్యోగమిప్పించెదనని ఎవడైన వెంటబడినచో, ఆ శ్రమకు కూలి ఎవరిచ్చుచున్నారో ఆలోచింపవలసి యుండును. తరచుగా అది తండ్రి అమ్మిన అరయెకరమై తేలును.

ఒకే సంస్థకు ఇద్దరు మధ్యవర్తుల ద్వారా దరఖాస్తు పోకుండ చూచుకొనవలెను. కమీషను ఎవరిదన్న తగవు ఎందుకని సంస్థ ఆ అభ్యర్థినే పక్కన పెట్టుట కద్దు. ఇంతకంటె పెద్ద జాగ్రత్త పదవ తరగతి మొదలు పట్టా వరకుగల అసలు సర్టిఫికెట్ల విషయమున అవసరము. పరిశీలించి తిరిగి ఇచ్చుట వేరు, బాండుతో పాటు బీరువాలో ఉంచుకొనుట వేరు. ఉంచుకొనువాడు బర్మా మేస్త్రీ ప్రోనోటుకు వారసుడు. పాఠశాలలో ఆ సర్టిఫికెట్టుపై సంతకము చేసి ఇచ్చునపుడే ప్రధానోపాధ్యాయుడు ఈ మాట చెప్పి పంపినచో ఎంతో మేలు.

విదేశములకు పంపు ఏజెంటు నమోదైనవాడా కాడా అన్నది విదేశాంగశాఖ వారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఎవరైన చూచుకొనవచ్చును. రుసుముకు రసీదు ఇవ్వవలెనని నిబంధన కలదు. మోసపోయి హైదరాబాదులోని వలసల సంరక్షణాధికారి కార్యాలయమునకు వచ్చు ఫిర్యాదులకు మొదటి ఆధారము ఆ రసీదే. ఊరివాడు గదా అని, అడిగినచో నొచ్చుకొనునేమో అని, దానినే చాలమంది అడుగరు.