హ్యామక్ కడతారా? ముందు స్తంభం సంగతి చూడండి!

80 కిలోల మనిషి హ్యామక్‌లో పడుకుంటే ఒక్కో తాడు మీద ఎంత లాగుడు పడుతుంది?

‘‘రెండు వైపులా ఉన్నాయిగా, చెరో 40’’ అని మా నాన్న ఠక్కున చెప్పేశారు. మీరూ అదే అనుకున్నారు కదా! తాళ్లు నిట్టనిలువుగా వేలాడితే అది కరెక్టే. కానీ హ్యామక్ తాళ్లు ఏటవాలుగా ఉంటాయి. నేలకి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద పడేది 80 కిలోలు. ఫొటోలో నీట్‌గా కనిపించాలని లాగి బిగించి 10 డిగ్రీలకు తెచ్చారనుకోండి... 230 కిలోలు! మనిషి అదే, తాడూ అదే. వాలు మాత్రమే మారింది. ఇదంతా ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీ పట్టి వదిలేసిన లెక్కే.

మాది తెనాలి దగ్గర పల్లె. వేసవి సెలవులకి అక్క పిల్లలు వస్తారని హ్యామక్ కొన్నాను. పెరట్లో గట్టి చెట్టు లేదు. ఒక వైపు ప్రహరీ గోడ పిల్లర్‌కి, రెండో వైపు సరుగుడు కర్రకి కట్టేద్దామన్నారు నాన్న. నేను వద్దన్నాను. ‘‘నువ్వు చదివింది కంప్యూటర్లు, సివిల్ కాదు’’ అన్నారాయన. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

నా భయమల్లా ఒకటే. ఇటుక పిల్లర్ పైనుంచి పడే బరువు ఎంతైనా మోస్తుంది. పక్కకి లాగితే మాత్రం తట్టుకోలేదు. పైగా అది కూలితే పడేది ఊయలలో ఉన్నవాళ్ల మీదే, ఎందుకంటే లాగుతున్నది అటే. విదేశాల్లో ఇలా పిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. చివరికి ఆ గోడ కట్టిన మేస్త్రి బాబాయినే పిలిచాను. ఆయన పిల్లర్ని ఓసారి తట్టి చూసి, ‘‘ఇందులో ఇనుము వెయ్యలేదు మాస్టారూ, పిల్లల్ని పడుకోబెట్టొద్దు’’ అన్నాడు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని ఆయనే పెరట్లోకి వెళ్లారు.

నాలుగంగుళాల జీఐ పైపు ఒకటి తెచ్చాం. 20 అడుగుల పైపుని సగానికి కోయిస్తే రెండు స్తంభాలు. కొనేటప్పుడు పైపు మీద రంగు పట్టీ చూడండి: పసుపు ఉంటే పల్చటిది, నీలం మధ్య రకం, ఎరుపు మందం. మేం నీలం తీసుకున్నాం. పది అడుగుల్లో నాలుగు భూమిలోకి, ఆరు పైకి. ‘నాలుగు అడుగులా!’ అనుకోకండి. తాడు పైన లాగుతుంటే పైపు గడ్డపారలా మీట వేస్తుంది, ఆ ఒత్తిడంతా కింద మట్టి మీదే పడుతుంది. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. పైపొరని అస్సలు నమ్మలేం.

గుంత అడుగున్నర వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. అడుగున అర అడుగు కంకర పరిచి, దాని మీద పైపు నిలబెట్టి, దారానికి బరువు కట్టి నిలువు చూశాం. ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్లలో కాంక్రీటు. రెండు గుంతలకి నాలుగు బస్తాలు తెస్తే కొంచెం మిగిలింది. పైన నీళ్లు నిలవకుండా కాంక్రీటుని చుట్టూ వాలుగా తీర్చాం, పైపు నోటికి మూత బిగించాం. స్తంభాల మధ్య దూరం 13 అడుగులు.

అసలు కష్టం ఆ తర్వాతే. వారం రోజులు గోనెసంచులు కప్పి తడపాలి. కాంక్రీటుకి పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. ఈలోగా పిల్లలు దిగిపోయారు! పెద్దవాడు రోజూ ‘‘మావయ్యా, ఇవాళైనా?’’ అని అడగడం, నేను క్యాలెండర్ చూపించడం. ఆఫీసులో రిలీజ్ డేట్ కోసం కూడా నన్నెవరూ ఇంత సతాయించలేదు.

నాలుగు వారాలయ్యాక పైపుకి ఆరపార బోల్టు వేసి షాకిల్ తగిలించాం. కొక్కెం వద్దు, ఊపుకి తాడు జారిపోతుంది. ముందు రెండు ఇసుక బస్తాలు పడుకున్నాయి, తర్వాత నేను. పిల్లల వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. నిలబడి ఊగకూడదు, ఒకేసారి ఇద్దరికి మించి ఎక్కకూడదు అన్నవి నాన్న పెట్టిన రూల్స్. నెలకోసారి బోల్టులు చూస్తున్నదీ ఆయనే. ఎండకి, వానకి తాడు పాడవుతుందని రాత్రికి హ్యామక్ విప్పి లోపల పెట్టే డ్యూటీ మాత్రం నాది.