అంగిటిలో నిప్పు

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కొందరు వృద్ధ స్త్రీలు నేటికీ చుట్టను నిప్పుకొన నోటిలో ఉంచి కాలుస్తారు. అదే అడ్డపొగ. అంగిటి క్యాన్సరుకు ఇది హేతువని 1957లోనే డి.జి.రెడ్డి, వి.కె.రావు అనే వైద్యులు ప్రకటించారు. ముందుగా అంగిలి తెల్లబారుతుంది, నొప్పి ఉండదు. నొప్పి లేనిదే వైద్యుని వద్దకు పోయేదెవరు? పన్ను సలిపి వచ్చినప్పుడు ఆ మచ్చ దంతవైద్యుని కంటనే పడాలి.

అయిదేండ్ల బి.డి.యస్. అతనికి అనుమానించడం నేర్పుతుంది. కత్తి పట్టదలచినవాడు మరి మూడేండ్లు ఎం.డి.యస్.లో దవడల శస్త్రచికిత్స అభ్యసించి, ఆపైన క్యాన్సర్ ఆసుపత్రిలో శిక్షణ పొందాలి. దవడ తీసివేయడంతో పని ముగియదు. కాలి ఎముకతో కొత్త దవడ నిర్మించి, రోగి తిరిగి అన్నం నమిలేలా చేయాలి. సుదీర్ఘమైన చదువే! తెల్లమచ్చనాడే చుట్ట మాన్పించగలిగితే మాత్రం, చాలామందికి ఆ కత్తితో పనే పడదు.