తండ్రి గద్దింపు – కొడుకు నేర్చిన పాఠం

వీడియో గేమ్ అంటే కాలక్షేపమే అనుకుంటాం. కానీ 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' ఆటలో పిల్లల పెంపకం గురించి ఆలోచించవలసిన కథ ఉంది.

చనిపోయిన తల్లి చితాభస్మాన్ని ఎత్తయిన శిఖరంపై చల్లడానికి క్రేటోస్, అతని కొడుకు అట్రియస్ బయలుదేరతారు. తండ్రి కొడుకుని పేరుతో పిలవడమే అరుదు. లేడి వేటలో తొందరపడి బాణం వేస్తే గద్దిస్తాడు. తాను దేవుడినన్న సంగతి దాస్తాడు. ఆ దాపరికం వల్లే కొడుకు జబ్బుపడతాడు. నిజం తెలిశాక గర్వం తలకెక్కి, ఓడిపోయిన శత్రువుని చంపేస్తాడు. క్రేటోస్ కోప్పడతాడు గాని, ఆ నిర్దయ కొడుకు చూసింది తన దగ్గరే. కొడుకు తనలా కాకూడదనే అతని భయం. ఆ మాట మాత్రం చెప్పడు. చివరికి, తన తండ్రిని తానే చంపానని ఒప్పుకున్నాకే ఇద్దరూ దగ్గరవుతారు.

మన నూజివీడు తోటల్లో అందరికీ తెలిసిందే: కార్బైడ్ పెడితే కాయకు రంగు వస్తుంది, రుచి రాదు. గద్దింపూ అంతే. మామిడి తోటలో కాపలా ఉండే మా నాన్న హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా మార్కులే అడిగేవారు. నాకు భయం పెరిగింది గాని చదువు మీద ఇష్టం పెరగలేదు. పదో తరగతికి వచ్చాక నేనూ చిన్నవాళ్లని అలాగే గద్దించాను.

తమ్ముళ్లారా! మీ కింది తరగతి పిల్లలకు తప్పు చూపించండి. అది ఎందుకు తప్పో కూడా చెప్పండి.