తీతువు ఏమంటున్నది?

పిల్లలూ! పిట్టలను కంటితో పోల్చుకోవడం కష్టం. ఆకుల చాటున ఉంటాయి. తల ఎత్తేలోగా ఎగిరిపోతాయి. చెవితో పోల్చుకోవడం నేర్చుకున్నారా, అరుగు మీద కూర్చునే పది పిట్టల పేర్లు చెప్పగలరు.

కోయిల సంగతే చూడండి. మామిడితోపులో "కువూ, కువూ" అని స్వరం పెంచుకుంటూ పోయేది మగ కోయిల. అది నల్లగా ఉంటుంది. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్లని మచ్చలుంటాయి. అది పాడదు, "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. అది విని వేరే పిట్ట అనుకునేవారే ఎక్కువ! పొదల్లోంచి "ఊప్, ఊప్" అని కుండలో నుంచి వచ్చినట్టు మోగే గొంతు జెముడుకాకిది.

పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకూ చెవే ఆధారం సుమా! 1900 తరువాత ఎవరికీ కనపడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అది రాత్రివేళ తిరిగే పిట్ట. తరువాత పరిశోధకులు దాని కూతను రికార్డు చేసి, చీకటి పడే వేళ అడవిలో వినిపించి, బదులు వస్తుందేమోనని కాచుకుని కూర్చున్నారు.

ఇక తీతువు. దాని కూతే దాని పేరయింది. ఇంగ్లీషువాళ్ళకు అదే కూత "డిడ్ హి డూ ఇట్" అని వినిపించిందట! మనవాళ్ళకేమో అపశకునం.

నేను పనిచేసిన ఒక పల్లెలో, ఒక ఎండాకాలం రాత్రి, చెరువుగట్టు అవతల తీతువు అదే పనిగా కూసింది. ఊళ్ళో ఒక ముసలాయనకు జబ్బుగా ఉన్నది. "తీతువు కూసింది, ఇంకేముంది!" అని ఆ ఇంట్లో ఏడుపులు. మర్నాడు అయిదో తరగతి పిల్లలు నలుగురు జేబుల్లో రాళ్ళు నింపుకుని బయలుదేరారు. అందరికంటె ముందున్నవాడు ముసలాయన మనుమడే. నేనూ వెంట వెళ్ళాను.

"కొట్టేముందు అది ఏమంటున్నదో విందామర్రా, కూర్చోండి," అన్నాను.

దూరాన ఉన్నంతసేపు ఆగి ఆగి కూసింది. పది అడుగులు వేశాం, కూత త్వరత్వరగా వచ్చింది. మరో పది అడుగులకు రెండు తీతువులు మా తలల మీదుగా ఎగురుతూ గగ్గోలు పెట్టాయి. వెనక్కు తగ్గితే అవీ తగ్గాయి. "మాస్టారూ, ఇక్కడేదో దాచింది!" అన్నాడు మనుమడు. నేల వెతికాం. వాడి కాలికి జానెడు దూరంలో, గులకరాళ్ళ మధ్య, మట్టిరంగు మీద నల్లమచ్చలతో నాలుగు గుడ్లు! గూడంటే వట్టి గుంట. పుల్ల లేదు, గడ్డి లేదు. రాత్రి ఏ కుక్కో నక్కో అటు వచ్చి ఉంటుంది, పాపం.

వాడు జేబులోని రాళ్ళు ఒక్కొక్కటే కింద పెట్టాడు. ముసలాయన మరో రెండు సంక్రాంతులు చూశాడు. పోయి ఉన్నా అందులో పిట్ట తప్పేమీ లేదనుకోండి.

గుడ్లు పిల్లలు కావడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఆ కుర్రవాడు బడికి రాగానే నాకు కబురు చెప్పేవాడు:

"రాత్రి రెండుసార్లే కూసింది మాస్టారూ. అదీ నెమ్మదిగానే."