పెట్రోలు బంకు నుంచి క్రికెట్ పిచ్ దాకా!

ఆదివారం పొద్దున పేపరు ఇంట్లోకి రావడమే ఆలస్యం... ముక్కలైపోతుంది. మెయిన్ పేజీలు నాన్నకి, ఆటల పేజీ అబ్బాయికి, సినిమా పేజీ అమ్మాయికి. వంటింట్లోంచి అమ్మ వచ్చేసరికి మిగిలేది జిల్లా పేజీలే. వాటిమీదా అప్పటికే కాఫీ గ్లాసు మరక! ఇక కబుర్లు మొదలు. పెట్రోలు మళ్లీ పెరుగుతుందేమోనని ఒకరు, నిన్నటి మ్యాచ్‌లో ఆ ఓవర్ చూశావా అని ఇంకొకరు, ఫలానా హీరో కొత్త కారు కొన్నాడట అని మరొకరు. ఎవరి గోల వారిదే అనిపిస్తుంది. కాస్త చెవి ఒగ్గి వింటే మాత్రం ఆ కబుర్లన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరతాయి. అదే... ఇంటి ఖర్చుల దగ్గరికి!

80 పైసల దెబ్బ

ఒకప్పుడు పెట్రోలు ధర పెరగడమంటే పెద్ద వార్త. టీవీలో చెప్పగానే బండి తీసుకుని బంకుకి పరుగే. అర్ధరాత్రి దాటితే కొత్త ధర కాబట్టి పన్నెండు గంటల దాకా ఒకటే క్యూ. ఇప్పుడా హడావుడి లేదు. పెట్రోలు ధర మీద 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ సవరణ పద్ధతి వచ్చింది. మార్పు ఏదైనా ఉంటే పొద్దున ఆరింటికి అమల్లోకి వస్తుంది. అదీ పైసల్లోనే. పైసల కోసం క్యూ కట్టేదెవరు?

అలాగని జేబుకి చిల్లు పడకుండా ఆగుతుందా? 2021 నవంబరు నుంచి 2022 మార్చి మూడో వారం దాకా, అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేవరకూ, చమురు కంపెనీలు ధరల జోలికి పోలేదు. మార్చి 22న మొదలుపెట్టాయి. ఓ రోజు 80 పైసలు, మర్నాడు మరో 80 పైసలు... అలా 16 రోజుల్లో 14 సార్లు పెంచేసరికి లీటరుకి మొత్తం పది రూపాయలు పడింది. ఒక్కసారిగా పది పెంచి ఉంటే ఊరంతా గగ్గోలు పెట్టేది. విడతలవారీగా వచ్చేసరికి నెలాఖరున పర్సు తెరిచినప్పుడు గానీ తెలిసి రాలేదు.

అక్కడ తగ్గితే ఇక్కడ తగ్గాలిగా?

చాలామందికి వచ్చే సందేహమే ఇది. కొవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 20న, అమెరికా మార్కెట్లో ముడిచమురు ధర సున్నా కన్నా కిందికి పడిపోయింది. అంటే అమ్మేవాడే ఎదురు డబ్బులిచ్చి మరీ సరుకు వదిలించుకోవాల్సిన పరిస్థితి! మరి మన బంకుల్లో? ఆ మేరకు తగ్గలేదు. తగ్గాల్సిన చోట పన్ను పెరిగింది. ఆ ఏడాది మే నెలలో లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం 32 రూపాయల 98 పైసలకి చేరింది. 2021 నవంబరులో అయిదు రూపాయలు, 2022 మేలో ఎనిమిది రూపాయలు తగ్గించారు. ఆ రెండు తగ్గింపుల మధ్యలోనే వచ్చింది, ఆ 80 పైసల వరస.

దీనికి తోడు రాష్ట్రాల వ్యాట్ ఉండనే ఉంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిల్ దాని పరిధిలోకి రాలేదు. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ధర. కాకినాడ వైపు వాళ్లనడిగితే ఈ లెక్క ఇంకా బాగా చెబుతారు. పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడ పన్ను తక్కువ. 2024లో కూడా లీటరుకి పది రూపాయలకు పైగానే తేడా ఉండేది. అటు పనిబడితే చాలు, ట్యాంకు నింపుకోకుండా వెనక్కి రారు. హిందూపురం వాళ్లకి కర్ణాటక బంకులు ఎలాగో, వీళ్లకి యానాం అలాగన్నమాట!

సైకిలెక్కిన హీరో

సినిమా వాళ్ల కబుర్లకీ పెట్రోలుకీ సంబంధమేంటి అనుకోవచ్చు. 2021 ఏప్రిల్ 6న తమిళనాడులో ఎన్నికలు. హీరో విజయ్ చెన్నైలో సైకిల్ తొక్కుకుంటూ ఓటేయడానికి వెళ్లాడు. వెనకాల అభిమానుల బళ్లు, ముందు కెమెరాలు. పెట్రోలు ధర వందకి దగ్గరవుతున్న రోజులవి. 'అదిగో, ధరలమీద నిరసన' అని కొందరు తేల్చేశారు. పోలింగ్ కేంద్రం ఇంటి వెనక వీధిలోనే ఉందనీ, కారు పెట్టడానికి చోటుండదనే సైకిల్ మీద వెళ్లాడనీ తర్వాత ఆయన తరఫువాళ్లు చెప్పారు. అసలు కారణం ఏదైనా, జనం అలా అనుకున్నారంటే వాళ్ల మనసులో అప్పుడు ఏముందో తెలిసిపోవట్లా! అదే ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు వంద దాటింది.

ప్లాటినా బండి, పాకెట్ మనీ

ఇక ఆటల పేజీ. 2025 ఆగస్టు 4న లండన్ ఓవల్ మైదానంలో భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచిన టెస్టు ఎవరు మర్చిపోతారు? చివరి వికెట్ తీసింది మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్. సిరాజ్ తండ్రి మహ్మద్ గౌస్ ఆటో నడిపేవారు. పాత ప్లాటినా బండి మీద ప్రాక్టీసుకి వెళ్లిన రోజుల గురించీ, నాన్న ఇచ్చే కొద్దిపాటి డబ్బుతోనే పెట్రోలు సరిపెట్టుకోవడం గురించీ సిరాజ్ చాలాసార్లు చెప్పుకొచ్చాడు. 2017 ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ జట్టు 2.6 కోట్లకు తీసుకునేదాకా ఇంటి బండి నడిచింది ఆటో మీటరు మీదే. 2020 నవంబరులో, కొడుకు ఆస్ట్రేలియాలో ఉండగా, ఆయన కన్నుమూశారు. సిరాజ్ అక్కడే ఉండిపోయాడు. మరో రెండు నెలలకి బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు.

పీవీ సింధుదీ ఇలాంటి ప్రయాణమే. చిన్నప్పుడు ఇంటి నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి వెళ్లి రావడానికి రోజూ 56 కిలోమీటర్లు తిరిగేదని అప్పట్లోనే పత్రికలు రాశాయి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆట విలువ తెలిసినవాళ్లు కాబట్టి ఆ తిరుగుడు భారమనుకోలేదు. 2016లో రియో రజతం, 2021లో టోక్యో కాంస్యం మనందరికీ తెలుసు. అవి రావడానికి ముందు ఎన్నేళ్లు తెల్లవారుజామునే రోడ్డెక్కారో లెక్క పెట్టినవాళ్లు తక్కువ.

మొదటి కోత ఎక్కడ?

ఆ 56 కిలోమీటర్లనే ఇప్పుడో స్కూటరు మీద వెళ్లాలంటే? లీటరుకి 45 కిలోమీటర్లు ఇచ్చే బండయితే రోజుకి లీటరుంబావు కావాలి. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక కూడా హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైనే ఉండేది. ఆ లెక్కన రోజుకి 134, నెలకి 26 రోజులకి దాదాపు 3,500 రూపాయలు. కోచింగ్ ఫీజు, బూట్లు, రాకెట్లు... వీటికిది అదనం!

మధ్యతరగతి ఇంట్లో ఖర్చు పెరిగితే ఏది ముందు తగ్గిస్తారు? ఆఫీసుకి వెళ్లడం మానలేరు. పాలు, బియ్యం తప్పవు. కరెంటు బిల్లు ఆగదు. 'ఈ నెల నుంచి ప్రాక్టీసు వారానికి మూడు రోజులే అమ్మా' అనే మాటే ముందు వస్తుంది. ఆ మాట ఎక్కువగా వినాల్సి వచ్చేది ఆడపిల్లలే. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన మహిళల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని చూసి మురిసిపోయిన ఇళ్లలో కూడా ఆ మాట వినిపిస్తుంది.

అలాగని దారి మూసుకుపోలేదు. ఒకే అకాడమీకి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు వారానికి ఒకరు చొప్పున వంతులు వేసుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకూ బాలికలకూ ఉచిత ప్రయాణం వచ్చింది. గ్రౌండు బస్సు దారిలో ఉంటే కిట్ బ్యాగు భుజానేసుకుని వెళ్లే అమ్మాయికి టికెట్ బాధ లేదు. తోడు వెళ్లే అమ్మకీ లేదు.

ముడిచమురు ధర ఏ ఇంటి చేతిలోనూ ఉండదు. పన్నులూ అంతే. ఖర్చుల చీటీలో ఏ వరస ముందు కొట్టేయాలన్నది మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటుంది. పెన్ను పట్టుకున్నాక 'ప్రాక్టీసు' అన్న వరస దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు!