మోకాలి కీలు మార్పిడి తరువాత మోకాలి వంపు

సంపూర్ణ మోకాలి కీలు మార్పిడి అనగా అరిగిపోయిన మోకాలి కీలులో ఎముకల చివరలను పలుచగా కోసి తీసివేసి, వాటికి లోహపు తొడుగులను, ఆ తొడుగుల నడుమ పాలిథిలిన్ పలకను అమర్చే శస్త్రచికిత్స. నేటి కృత్రిమ కీళ్ళకు మాతృకగా చెప్పదగిన టోటల్ కాండైలార్ కీలును 1974లో న్యూయార్కులోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్ మొదలైన వైద్యులు ప్రవేశపెట్టారు. నొప్పి తగ్గించడం ఈ చికిత్స ప్రధానోద్దేశం. అయితే ఆ తరువాత కాలు ఎంతవరకు వంగుతుందన్నది రోగి దైనందిన జీవితాన్ని నిర్ణయిస్తుంది.

వంపు కొలత

కాలు తిన్నగా చాపిన స్థితిని 0 డిగ్రీలుగా తీసుకొని గోనియోమీటరుతో వంపును కొలుస్తారు. బడిపిల్లల కోణమానినికి రెండు పొడవాటి చేతులు తగిలించినట్లుండే సాధనమిది. ఆరోగ్యవంతమైన మోకాలు సుమారు 135 నుండి 140 డిగ్రీల వరకు వంగుతుంది. చదునైన నేలపై నడవడానికి 65-70 డిగ్రీలు, మెట్లు ఎక్కి దిగడానికి 85-100 డిగ్రీలు చాలును. కుర్చీలోనుండి సులువుగా లేవడానికి 90 డిగ్రీలకు పైగా కావాలి. మార్పిడి తరువాత చాలామందికి 110-120 డిగ్రీల వంపు లభిస్తుంది. గొంతుకూర్చోవడానికి ఇది చాలదు. బాసింపట్టు వేసుకొని కూర్చోవడం కూడా అందరికీ సాధ్యపడదు. నేలమీద కూర్చొని భోజనం, పూజ చేసే అలవాటున్న మనవారు ఈ సంగతిని శస్త్రచికిత్సకు ముందే వైద్యునితో మాట్లాడుకొనుట మంచిది. ఇంటిలో కుర్చీవంటి మరుగుదొడ్డి ఏర్పాటు తప్పనిసరి.

వంపును నిర్ణయించే అంశాలు

వీటిలో ముఖ్యమైనది శస్త్రచికిత్సకు ముందున్న వంపు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన మోకాలిలో తొడ ముందరి కండరాలు, కీలు చుట్టూ ఉన్న పొర కుంచించుకొని ఉంటాయి; కీలు మార్చినంత మాత్రాన అవి పూర్తిగా సాగవు. అందువలన మరీ ఆలస్యం చేసి ఆపరేషనుకు వెళ్ళినవారికి లభించే వంపు తక్కువగా ఉండవచ్చు. స్థూలకాయం, కీలు అమరికలో లోపాలు, వాపు, నొప్పి కూడా ప్రభావం చూపుతాయి.

వ్యాయామం

మొదటి ఆరు వారాలు చాలా కీలకమైనవి. గాయం మానేటపుడు లోపల మచ్చకణజాలం ఏర్పడుతుంది. కాలు కదపకపోతే అది అతుక్కొని కీలును బిగిస్తుంది. నొప్పికి భయపడి "కొన్నాళ్ళు విశ్రాంతి" అనే మన ఇళ్ళలోని సలహా ఇక్కడ అపకారమే చేస్తుంది. సాధారణంగా ఆపరేషను జరిగిన రోజునే లేదా మరునాడే రోగిని లేపి నడిపిస్తారు. వ్యాయామానికి కొంత ముందు వైద్యుడు చెప్పిన నొప్పి మాత్ర వేసుకొని, పడుకొని మడమను పరుపుపై పిరుదులవైపు జరపడం, తరువాత మంచుకాపడం పెట్టుకోవడం వాడుక. కాలును తానే వంచే యంత్రాలను ఒకప్పుడు విరివిగా వాడేవారు. పరిశోధనలలో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

వంచడంతోపాటు పూర్తిగా చాపడం కూడా రావాలి. సుఖంగా ఉన్నదని మోకాలి క్రింద దిండు పెట్టుకొని పడుకుంటే కాలు వంకరగానే బిగుసుకొని, కుంటినడక మిగులుతుంది. పిక్కలో వాపు, నొప్పి, జ్వరం, గాయం నుండి చీము కనబడితే వ్యాయామం ఆపి వెంటనే వైద్యుని కలవాలి.

బిగుసుకుపోయిన మోకాలు

కొన్ని వారాల తరువాత కూడా 90 డిగ్రీలు రానిచో, మత్తు ఇచ్చి వైద్యుడే కాలును మెల్లగా వంచి అతుకులను విడదీస్తాడు. సాధారణంగా దీనిని మొదటి మూడు నెలలలోపు చేస్తారు. ఆలస్యమైనకొద్దీ అతుకులు గట్టిపడి, ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కువ వంగుతాయని చెప్పబడే "హై ఫ్లెక్స్" కీళ్ళు కూడా ఉన్నాయి. కాని సాధారణ కీళ్ళతో పోల్చిన అధ్యయనాలలో పెద్ద తేడా కనబడలేదు.